ఊరి కొయ్యపని సంఘము - రైతునకు దాని వలన కలుగు మేలు

"అదనెరిగి సేద్యము, పదనెరిగి పైరు" అని పెద్దలు చెప్పుదురు. అదనునకు విత్తనములను, ఎరువులను సిద్ధము చేసికొను రైతు సహితము పనిముట్టు సంగతి పని నాటి వరకు తలపోయడు. వాన కురిసి నేల పదనుకు వచ్చిన నాడు గొర్రు పన్ను విరిగినచో, గుంటక దుంప పగిలినచో, బాగుచేయువాడు ఊరిలో లేనిచో, రెండు మూడు దినములలో పదను ఆరిపోవును. అప్పుడు కలుగు నష్టము కొయ్యముక్క ఖరీదు కాదు, పంట ఖరీదు. కావున కొయ్యపని కూడ సేద్యములో భాగమే యని రైతులు గుర్తింపవలెను.

మన మెరక ప్రాంతపు అవసరములు

జగ్గయ్యపేట, నందిగామ, రెడ్డిగూడెము ప్రాంతములు 2022 ఏప్రిల్ 4 వరకు కృష్ణాజిల్లాలో ఉండెడివి. నాటి నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. ఇచ్చట పెద్ద దుక్కులు చాలవరకు ట్రాక్టరుతోనే జరుగుచున్నవి. అయినను ప్రత్తి, మిరప చేలలో సాళ్ళ మధ్య గుంటక తోలువారు ఇంకను కలరు. రెడ్డిగూడెము వైపు మామిడి తోటలలో నిచ్చెనలు, చిక్కపు గడలు, కాపు బరువునకు కొమ్మలు విరుగకుండ పెట్టు ఊతకర్రలు ఏటేట కావలెను. ఇవిగాక పార, గొడ్డలి, పలుగుపార, కొడవలి వీటి పిడులు, పశువుల కొట్టము తడికలు, గడ్డివాము దన్నెలు, మోటారు గది తలుపులు మున్నగునవి లేని రైతు ఇల్లు ఉండదు.

పూర్వము ఈ పనులన్నియు ఊరి వడ్రంగి చూచెడివాడు. కళ్ళములో ధాన్యము కొలుచునప్పుడు ఏరు ఒక్కింటికి ఇంత యని ఆయనకు మేర ముట్టెడిది. ఏడాది పొడవున నాగలి, కాడి, గొర్రు బాగుచేయుట ఆయన బాధ్యత. ఎడ్లు తగ్గినవి, ఏరులు తగ్గినవి, మేరయు పోయినది. వడ్రంగుల బిడ్డలు పలువురు పట్టణములలో తలుపుల పనికి, కుర్చీలు బల్లల పనికి పోయిరి. ఊరిలో ఒక్క ముసలి వడ్రంగి మిగిలియున్న చోట ఆయన చేతిలోని విద్య ఆయనతోనే పోవు స్థితి యున్నది. విద్య ఒక్క చేతిలో నున్నంత కాలము అది ఎన్నటికిని అపాయములోనే యున్నట్లు. పది చేతులలో నున్నప్పుడే అది ఊరి ఆస్తి యగును.

కొండపల్లి నేర్పు పాఠము

దీనికి తార్కాణము మనకు దగ్గరలోనే కలదు. రెడ్డిగూడెము నుండి మైలవరము మీదుగా పోయినచో కొండపల్లి దూరము కాదు. అచ్చటి బొమ్మలు దేశమంతట పేరు పొందినవి. భౌగోళిక గుర్తింపు కూడ పొందినవి. దశావతారములు, ఏనుగు అంబారీ, తాటిచెట్టు, ఎడ్లబండి మొదలగు ఆ బొమ్మలు సంక్రాంతి బొమ్మల కొలువులలో చూడనివారు అరుదు. రైతులు ఆ బొమ్మల అందమునే కాక, అవి తయారగు తీరును కూడ గమనింపదగును.

ఆ బొమ్మలకు వాడు కొయ్య తెల్లపొణికి. ఇది మిక్కిలి తేలిక, మెత్తన. మొదట కొయ్యను కోసి ఆరబెట్టి, సన్నని సెగ మీద కాచి అందలి తేమను పోగొట్టుదురు. తలను, చేతులను, మొండెమును వేరువేరుగ చెక్కుదురు. చింతగింజల పిండికి రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో వీటిని అతుకుదురు. పైన సున్నపు పూత పూసి, ఆరిన పిమ్మట మేకవెంట్రుకల కుంచెతో రంగులు దిద్దుదురు. కొయ్య కాచువారు, చెక్కువారు, అతుకువారు, రంగులు వేయువారు ఒకే ఇంట, ఒకే వీధిలో నుందురు. పిల్లలు పెద్దల ప్రక్కన కూర్చుండి చూచి నేర్చుకొందురు. ఇట్లు పంచుకొనిన విద్య గనుకనే తరములు గడచినను నిలిచినది.

అయితే విద్య నిలిచినను కొయ్య కరవైనది. చుట్టుప్రక్కల అడవులలో తెల్లపొణికి తరిగిపోయినది. నరికిన చెట్టుకు బదులు చెట్టు పెరుగుట లేదు. దాని గింజ పెంకు గట్టిది. మొలక శాతము తక్కువ. కావున నేర్పు ఎంత యున్నను చెట్టు లేనిదే పని సాగదు. చెట్టు పెంచు చోటు రైతునకు కలదు, నేర్పు వడ్రంగికి కలదు. ఈ రెండును ఒక చోట చేరుటయే కొయ్యపని సంఘము ముఖ్యోద్దేశము.

విదేశములలో కూడ ఇట్టి ప్రయత్నములు ఫలించినవి. ఆస్ట్రేలియాలో 1990 దశకము నుండి "మెన్స్ షెడ్" అను పేర ఊరూర ఉమ్మడి పనిపాకలు వెలసి, నేడు వేయికి మించినవి. పని నుండి విరమించిన పెద్దలు అచ్చట చేరి కొయ్యపని చేయుదురు, ఒకరి నేర్పు మరియొకరికి చెప్పుదురు. ఒంటరితనము పోవుట కూడ వారు పొందిన లాభములలో నొకటి.

సంఘము ఏర్పాటు

ఊరికి పది పండ్రెండుగురు సభ్యులు చాలును. రైతులు, కూలీలు, చదువు ముగించిన యువకులు, స్త్రీలు ఎవరైనను చేరవచ్చును. పంచాయతి వారి అనుమతితో ఖాళీగా నున్న గది గాని, పాక గాని తీసికొనవలెను. పదునైదు దినముల కొకసారి, వ్యవసాయ పనులు తక్కువగానుండు పూట కలిసికొనవలెను.

మొదట కావలసిన పనిముట్లు కొద్దియే. బాడిస ఒకటి, రంపములు రెండు, చిత్రిక ఒకటి, వెడల్పు, సన్నము ఉలులు నాలుగు, బర్మా ఒకటి, కొయ్యసుత్తి, మూలమట్టము, ఆకురాయి, సానరాయి ఒక్కొక్కటి. వీటిని పుస్తకములో వ్రాసి, ఒకరి జవాబుదారిలో నుంచవలెను. తీసికొనిపోయినవాడు పదును పెట్టి తిరిగి యీయవలెను. మొండి పనిముట్టు తిరిగి తీసికొనరాదు.

ఇచ్చట ఒక ముఖ్యమైన సందేహము కలుగును. ఊరంతయు కొయ్యపని నేర్చుకొనినచో వడ్రంగి బ్రతుకేమి కావలెను? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పక సంఘము స్థాపించినచో అది నిలువదు. సంఘమునకు గురువు ఊరి వడ్రంగియే. నేర్పిన ప్రతి పూటకును ఆయనకు కూలి యీయవలెను. "మన ఊరివాడే గదా" అని ఉచితముగా చేయించుకొనరాదు. పిడులు, చీలలు, తడికలు వంటి చిన్న పనులు సభ్యులు చేసికొందురు. వాటి వలన వడ్రంగికి వచ్చునది ఎప్పుడును స్వల్పమే. గొర్రు, గుంటక, తలుపులు, మంచములు వంటి పనులు ఆయనకే యీయవలెను. సంఘము కొయ్యను ఆరబెట్టి సిద్ధముగా నుంచినచో ఆయనకు పని త్వరగా జరుగును, చేసిన వస్తువు చెడిపోయినదను మాటయు రాదు.

మొదటి పాఠము: కొయ్యను ఆరబెట్టుట

మన ఇండ్లలో తలుపులు వంకరపోవుటకు, పిడులు వదులగుటకు ముఖ్య కారణము పచ్చికొయ్య వాడుట. పచ్చికొయ్యలో నీరు అధికము. ఆరునప్పుడు కొయ్య నిడివిలో దాదాపు తగ్గదు గాని, అడ్డముగా కుదించుకొనును. అందును వలయముల వెంబడి కుదింపు, నడిమి నుండి పట్టకు గల కుదింపుకు సుమారు రెండింతలు. ఈ తేడా వలననే పలక వంగును, పగులును.

కావున దుంగను పలకలుగా కోయించిన వెంటనే ఈ క్రింది విధముగా పేర్చవలెను.

1. నీడపట్టున, నేలకు ఒక అడుగు ఎత్తున దిమ్మెలు కట్టి వాటిపై పేర్చవలెను. నేలను తాకినచో చెదలు పట్టును.

2. వరుసకు వరుసకు నడుమ అంగుళము మందము గల రీపులను రెండడుగుల కొకటి చొప్పున అడ్డముగా పెట్టవలెను. అన్ని వరుసల రీపులు ఒకదానిపై నొకటి నిలువుగా రావలెను. లేనిచో పలకలు వంకర పోవును.

3. పలకల కొనలకు తారు గాని, పాత రంగు గాని పూయవలెను. కొనల నుండి నీరు త్వరగా పోవుట చేతనే అచ్చట పగుళ్ళు వచ్చును.

4. పై వరుసపై రాళ్ళు బరువుగా పెట్టవలెను.

గట్టి కొయ్య అంగుళము మందమునకు సుమారు ఒక ఏడాది ఆరవలెనని వాడుక. ఆరినదో లేదో తెలిసికొనుటకు సులభమైన ఉపాయము కలదు. ఒక చిన్న ముక్కను గుర్తు పెట్టి పదునైదు దినముల కొకసారి తూచి పుస్తకములో వ్రాయవలెను. బరువు తగ్గుట ఆగిన నాడు కొయ్య ఆరినట్లు. మన ప్రాంతములో గాలికి ఆరిన కొయ్యలో నూటికి 12 నుండి 15 వంతుల తేమ మిగిలియుండును. చేవ భాగమునకు పుప్పిపురుగు పట్టుట అరుదు. పట్ట క్రింది తెల్లని భాగములో పిండిపదార్థ ముండుట చేత దానికే పురుగు పట్టును. దుంగలను కొన్ని వారములు చెరువునీటిలో నానవేసి పిదప ఆరబెట్టు పాత పద్ధతి ఇందుకే ఏర్పడినది.

రెండవ పాఠము: పిడి వేయుట

క్రొత్తగా నేర్చువారు పారపిడితో ఆరంభించుట మంచిది. తుమ్మ, చండ్ర పిడులకు శ్రేష్ఠములు. కొయ్య ఈనె పిడి ఒక కొన నుండి మరియొక కొన వరకు సాఫీగా సాగవలెను. ఈనె మధ్యలో ప్రక్కకు తిరిగిన చోటనే పిడి విరుగును. ఇనుములో దూరు భాగమునకు దగ్గరగా కణుపు ఉండరాదు.

వదులైన గొడ్డలిని రాత్రి నీళ్ళలో వేసి బిగింపజేయుట మనవారి అలవాటు. నానిన కొయ్య ఉబ్బి ఇనుపకన్నములో నలిగిపోవును. ఆరిన పిమ్మట మునుపటి కంటె సన్నమై మరింత వదులగును. పని మధ్యలో గొడ్డలి ఊడి ప్రక్కవాని మీద పడుట ప్రాణాపాయము. కావున ఎండిన కొయ్యతో పిడి చేసి, కొనను చీల్చి, గట్టి కొయ్యచీల దిగగొట్టి బిగించుటయే సరియైన పద్ధతి.

మూడవ పాఠము: గొర్రు సరిచూచుట

గొర్రు చేయుట వడ్రంగి పని. సరిచూచుట రైతు పని. విత్తుటకు నెల ముందుగా గొర్రును చదునైన కళ్ళములో నిలువబెట్టవలెను. పళ్ళన్నియు ఒకేసారి నేలను తాకవలెను. ఒక పన్ను పొట్టిదైనచో ఆ సాలులో విత్తనము పైపైన పడి మొలక పోవును. పన్నుకు పన్నుకు గల దూరమును కొలబద్దతో కొలిచి, వేయదలచిన పైరు సాళ్ళ ఎడముతో సరిపోల్చవలెను. జడ్డిగము నుండి దిగు వెదురు గొట్టములలో పగుళ్ళు, సాలెగూళ్ళు లేకుండ చూడవలెను. సంఘము వారు ప్రతి గొర్రునకు రెండేసి పళ్ళు ఆరిన తుమ్మకొయ్యతో ముందే చేయించి ఉంచినచో పదను నాడు పరుగులెత్తవలసిన పని యుండదు.

జాగ్రత్తలు: ఉలిని, బాడిసను ఎన్నడును శరీరము వైపునకు గాని, కొయ్యను పట్టిన చేతి వైపునకు గాని నడపరాదు. మొండి ఉలి కంటె పదునైన ఉలియే క్షేమము, ఏలయనగా దానికి బలము తక్కువ చాలును. కరెంటు రంపము వాడునప్పుడు కండ్లకు అద్దములు ధరించవలెను. వ్రేలాడు తువ్వాలు, పైట కొంగు బిగించుకొనవలెను. గదిలో గాయములకు మందు, గుడ్డ సిద్ధముగా నుంచవలెను.

చెట్లు నాటుట

మన ప్రాంతములో సుబాబులు, జామాయిలు తోటలు విస్తారముగా కలవు. ఇవి కాగితపు మిల్లులకు పోవు కొయ్య. ధర మన చేతిలో నుండదు. పొలము గట్లపై పది తుమ్మ, పది వేప, నాలుగు టేకు మొక్కలు పెంచిన రైతునకు పనిముట్ల కొయ్య కొరత యుండదు. ఎఱ్ఱనేల, రాతినేల గలవారు అటవీశాఖ నర్సరీలో విచారించి తెల్లపొణికి మొక్కలు దొరికినచో కొన్ని నాటవలెను. కొండపల్లి వారికి కొయ్య, రైతునకు కొంత రాబడి కలుగును. సంఘములో చేరు ప్రతి సభ్యుడును ఏటా అయిదు మొక్కలు నాటి బ్రతికింపవలెనని నియమము పెట్టుకొనుట బాగుండును.

చెట్టు నరకునప్పుడు 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టము వర్తించును. ఏ చెట్టుకు అనుమతి కావలెనో, దేనికి మినహాయింపు కలదో గ్రామాధికారులు ముందుగా తెలిసికొని రైతులకు చెప్పవలెను.

ప్రభుత్వ సహాయము

2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకములో 18 చేతివృత్తులు చేర్చబడినవి. వడ్రంగము, బొమ్మల తయారీ రెండును అందున్నవి. 18 ఏండ్లు నిండి స్వయముగా వృత్తి చేయువారు అర్హులు. కుటుంబమునకు ఒకరికే అవకాశము. 5 నుండి 7 దినముల ప్రాథమిక శిక్షణ, శిక్షణ కాలమున దినమునకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయము, 5 శాతము వడ్డీపై మొదట లక్ష, తరువాత రెండు లక్షల రూపాయల వరకు ఋణము ఇందు ఏర్పాటైనవి. దరఖాస్తును మొదట పరిశీలించునది గ్రామ పంచాయతియే. కాబట్టి గ్రామాధికారులు ఊరి వడ్రంగిని తామై పిలిచి, కాగితములు సరిచూచి, ఆయనకు తోడ్పడవలెను. చదువు తక్కువగా నున్న పెద్దవారు కార్యాలయమునకు వచ్చి అడుగుదురని ఎదురుచూచుట తగదు.

ఈ వేసవిలోనే ప్రారంభింపుడు

పంట ఇల్లు చేరిన పిమ్మట, తొలకరికి ముందు, రైతునకు కొంత తీరిక కలదు. ఈ వేసవిలో ఊరిలో నున్న కొయ్యను, పనిముట్లను, పని తెలిసినవారిని లెక్క వ్రాయుడు. ఒక దుంగను కోయించి నీడలో పేర్పుడు. ఊరి వడ్రంగిని గౌరవముతో పిలిచి మొదటి పాఠము చెప్పించుడు. నేర్చిన ప్రతివాడును మరియొకనికి నేర్పుటయే సంఘమునకు చెల్లింపవలసిన చందా. తొలకరి నాటికి ఊరిలో విరిగిన గొర్రు, వదులైన పిడి లేకుండ చేయగలిగినచో ఆ సంఘము తన మొదటి ఏటి పని నెరవేర్చినట్లే.