నలుగుపిండిలో బావంచాలు కలుపవచ్చునా?

శ్రీకాకుళం, విజయనగరం ఇండ్లలో తలంటుకు, నలుగుకు కావలసిన సరుకులో చాలా భాగం మన్యం నుండి దిగివస్తున్నది. సీతంపేట, కురుపాం కొండలలో (2022 నుండి ఇవి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నవి) సవరలు, జాతాపులు ఏరి తెచ్చే కుంకుడుకాయలు, శీకాయలు వారపు సంతల ద్వారాను, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ద్వారాను మనకు చేరుతున్నవి. వాటి మంచితనం వలననే కాబోలు, 'అడవి మూలికలు' అన్న మాట పొట్లం మీద కనబడితే మనం ఇక ప్రశ్నించము. నేనూ ప్రశ్నించలేదు.

మా మేనకోడలికి పెండ్లి కుదిరినప్పుడు అటువంటి సున్నిపిండి పొట్లం ఒకటి నేనే కొని ఇచ్చాను. ఆమె ప్రతి ఉదయం ముఖానికి, మెడకు దట్టంగా పట్టించి అరగంట ఉంచుకొనేది. ఒకనాడు నలుగు కడుగుకొని, వైశాఖపు మిట్టమధ్యాహ్నం స్కూటరు మీద అరసవల్లి దర్శనానికి వెళ్లి వచ్చింది. మరునాటికి మెడ ఎర్రబడి మంట పుట్టింది. మూడవ నాటికి నీటిబొబ్బలు లేచినవి. "అత్తా, మూలికలే కదా, ఇలా ఎందుకయింది?" అని అడిగితే నాకు జవాబు తోచలేదు. పెండ్లినాటికి బొబ్బలు మానినవి గాని, నల్లమచ్చలు అయిదు నెలలు నిలిచినవి.

పొట్లం తిప్పి చూస్తే మూడవ పేరు బావంచాలు. సంస్కృతంలో బాకుచి. నిజానికి ఇది కొండ అడవి మొక్క కాదు, మైదానాలలో పెరిగేదే. దీని గింజలో సోరాలెన్ అనే పదార్థమున్నది. అది చర్మానికి అంటి ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకితే చర్మకణాలు దెబ్బతినును. మానిన చోట రంగు ముదురును. ఈ గుణం వలననే వైద్యులు దీనిని బొల్లికి వాడి, రోగిని కొలత ప్రకారం ఎండలో ఉంచుతారు. తెల్లమచ్చకు రంగు తెప్పించే మందు, మచ్చలేని ముఖానికి మచ్చ తెచ్చుటలో వింత ఏమున్నది? చరక సంహిత సూత్రస్థానం 4వ అధ్యాయంలో మేనిఛాయకు చెప్పిన పది ద్రవ్యాలలో చందనం, వట్టివేరు, మంజిష్ఠ, సుగంధిపాల ఉన్నవి. బాకుచి లేదు.

కాబట్టి ఇంటిలో పిండి ఇలా చేసుకొనవచ్చును. అరకిలో పెసలకు కస్తూరి పసుపు, కచ్చూరాలు, వట్టివేరు, సుగంధిపాల వేరు ఒక్కొక్కటి 25 గ్రాములు. నీడన ఆరబెట్టి, దంచి, వస్త్రగాళితం చేయవలెను. కస్తూరి పసుపు వంట పసుపు వలె చర్మాన్ని పచ్చగా పట్టదు. మొదటిసారి మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒక రోజు చూచి, ఆ తరువాతనే ముఖానికి వాడవలెను. పొట్లమే కొనేవారు పదార్థాల పేర్లు చదవవలెను. పేర్లు లేని పొట్లం కొనరాదు.

బావంచాలు కలిసిన పిండిని ఇదివరకే రాసుకొనివుంటే సబ్బుతో కడిగి, రెండు మూడు రోజులు ఎండకు పోకుండుట మంచిది. మంట పుడితే చన్నీటి గుడ్డ వేయవలెను. బొబ్బలు చిదపరాదు, వాటిపై మరొక లేపనం పూయరాదు. వైద్యుని వద్దకు పోవునప్పుడు ఆ పొట్లం కూడ వెంట తీసుకొని పోతే కారణం ఆయనకు వెంటనే తెలియును.