బడిలో పండుగలు

తెలంగాణ పల్లెల్లో జూన్‌లో బడి తెరుస్తారు. ఆగస్టు 15న జెండా ఎగరేస్తారు, మిఠాయి పంచుతారు. సెప్టెంబరు 5న పిల్లలే పంతుళ్లు. ఐదో తరగతి పిల్ల అమ్మ చీర కట్టుకొని ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంది. ఆ రోజు నవ్వులే నవ్వులు! దసరా సెలవులకు ముందు తంగేడు, గునుగు పూలు తెచ్చి బతుకమ్మ పేరుస్తారు.

నవంబరు 14 పిల్లల పండుగ. నెహ్రూ పుట్టినరోజు. అయితే అవి పత్తి ఏరే రోజులు. పాట నేర్చుకున్న పిల్ల చేనుకు పోతుంది. ఇంకో పిల్ల తమ్ముణ్ణి ఎత్తుకొని ఇంట్లో ఉంటుంది. 'ఆటపాటలే కదా' అంటారు పెద్దలు. ఆటతోపాటు పాఠమూ పోతుంది. పోయిన పాఠం మళ్లీ ఎవరు చెబుతారు?

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో సగం మంది ఆడవాళ్లుండాలి. మీటింగుకు పోయి ఈ మాట అడగవచ్చు. కాగితం చదివే సంతకం పెట్టవచ్చు.