స్విచ్ ఆపినా ఆగని కరెంటు: బూస్ట్ కన్వర్టర్‌కు షార్ట్ సర్క్యూట్ రక్షణ

గుజరాత్‌లోని సూరత్‌లో జౌళి పనుల కోసం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ నగరంలోని పర్వత్ పాటియా వంటి ప్రాంతంలో ఒక చిన్న చీరల దుకాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. కరెంటు పోయినప్పుడు 12 వోల్టుల బ్యాటరీతో 24 వోల్టుల ఎల్‌ఈడీ దీపాలు వెలగాలంటే మధ్యలో వోల్టేజిని పెంచే బూస్ట్ కన్వర్టర్ ఉండాలి. చుట్టూ సింథటిక్ బట్టల కట్టలు ఉన్నచోట దీపాల తీగలు ఒకదానికొకటి తగిలితే ఏమవుతుంది? కన్వర్టర్‌లో కరెంటు పరిమితి ఉంది కదా, అదే కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. బూస్ట్ కన్వర్టర్ విషయంలో అది సగమే నిజం.

వోల్టేజి ఎలా పెరుగుతుంది?

బ్యాటరీ నుంచి కరెంటు ముందుగా ఇండక్టర్ అనే తీగచుట్టలోకి వెళ్తుంది. దాని రెండో కొస నుంచి మాస్‌ఫెట్ స్విచ్ గ్రౌండ్‌కు, డయోడ్ అవుట్‌పుట్ కెపాసిటర్‌కు కలిసి ఉంటాయి. స్విచ్ మూసినప్పుడు ఇండక్టర్‌లో కరెంటు పెరిగి అయస్కాంత శక్తి నిల్వ అవుతుంది. స్విచ్ తెరిచినప్పుడు ఆ శక్తి డయోడ్ గుండా అవుట్‌పుట్‌కు చేరుతుంది.

దీపాలకు 24 వోల్టుల వద్ద 2 ఆంపియర్లు, అంటే 48 వాట్లు కావాలి. సామర్థ్యం 90 శాతమైతే బ్యాటరీ నుంచి సగటున 4.4 ఆంపియర్లు వస్తాయి. ఇండక్టర్ 22 మైక్రోహెన్రీలు, స్విచింగ్ వేగం సెకనుకు లక్ష సార్లు అయితే ప్రతి చక్రంలో స్విచ్ 5 మైక్రోసెకన్లు మూసి ఉంటుంది. అప్పుడు ఇండక్టర్ కరెంటు గరిష్ఠంగా 5.8 ఆంపియర్ల దాకా పోతుంది.

ఓవర్‌లోడ్ వేరు, షార్ట్ వేరు

మాస్‌ఫెట్ కరెంటు 8 ఆంపియర్లు దాటగానే ఆ చక్రానికి స్విచ్‌ను ఆపే ఏర్పాటు చేయవచ్చు. ఎక్కువ దీపాలు తగిలించి ఓవర్‌లోడ్ చేస్తే అవుట్‌పుట్ వోల్టేజి తగ్గుతుంది, కానీ స్విచ్ క్షేమంగా ఉంటుంది.

మామూలుగా స్విచ్ తెరిచినప్పుడు అవుట్‌పుట్‌లోని 24 వోల్టులు బ్యాటరీ 12 వోల్టుల కంటే ఎక్కువ. అందుకే ఇండక్టర్ కరెంటు తగ్గుతుంది. అవుట్‌పుట్ షార్ట్ అయితే ఆ ఎదురు వోల్టేజి ఉండదు. స్విచ్ తెరిచి ఉన్నా బ్యాటరీ, ఇండక్టర్, డయోడ్, షార్ట్ అయిన తీగలు ఒకే దారిగా మిగులుతాయి. కరెంటు మైక్రోసెకనుకు సుమారు అర ఆంపియరు చొప్పున పెరుగుతూనే ఉంటుంది. ఇండక్టర్ కోర్ సంతృప్తమైతే ఇంకా వేగంగా పెరుగుతుంది. దారిలోని మొత్తం నిరోధం 0.1 ఓము అయితే కరెంటు 100 ఆంపియర్లు దాటుతుంది. వోల్టేజిని తగ్గించే బక్ కన్వర్టర్‌లో ఈ ఇబ్బంది లేదు. అక్కడ స్విచ్ దారిలోనే ఉంటుంది కాబట్టి అది తెరుచుకుంటే బ్యాటరీ విడిపోతుంది.

దారిని తెంచే రక్షణ

మొదటిది ఫ్యూజు. దాన్ని బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టాలి. ఈ ఉదాహరణకు 7.5 ఆంపియర్ల డీసీ ఫ్యూజు సరిపోతుంది. తీగలు అంతకంటే ఎక్కువ కరెంటు తట్టుకునేవి కావాలి. ఫ్యూజు కరిగేలోపు డయోడ్ కాలిపోవచ్చు, కానీ తీగలు వేడెక్కి మంటలు లేచే ముప్పు తగ్గుతుంది.

రెండోది ఇన్‌పుట్ దారిలో మరో మాస్‌ఫెట్. 10 మిల్లీఓముల రెసిస్టర్ మీద వోల్టేజి 0.1 వోల్టు దాటితే, అంటే కరెంటు 10 ఆంపియర్లు దాటితే, కంపారేటర్ దాన్ని తెరుస్తుంది. ఇది 5 మైక్రోసెకన్లలో జరిగితే కరెంటు 13 ఆంపియర్ల లోపే ఆగుతుంది. అంత కరెంటుకు సంతృప్తం కాని ఇండక్టర్ ఎంచుకోవాలి. దారి తెగినా ఇండక్టర్ కరెంటు వెంటనే ఆగదు. అందుకే గ్రౌండ్ నుంచి ఇండక్టర్ మొదటి కొసకు ఒక డయోడ్ పెట్టాలి. మామూలు కరెంటు వద్ద ఆ రెసిస్టర్‌లో పోయేది 0.2 వాట్లే. ఈ మాస్‌ఫెట్‌ను నెమ్మదిగా తెరుచుకోనిస్తే ఆలస్యమైన ప్రతి మైక్రోసెకనుకూ కరెంటు పెరుగుతుంది. మూసేటప్పుడు మాత్రం నెమ్మదిగా మూయాలి, లేకపోతే ఖాళీ కెపాసిటర్ నింపే తొలి కరెంటునే అది షార్ట్‌గా భావిస్తుంది.

మూడోది కొత్తగా తయారుచేసేవారికి: సెపిక్ అనే అమరికలో ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య కెపాసిటర్ ఉంటుంది. అది డీసీని నేరుగా పోనివ్వదు.

కొన్న మాడ్యూల్‌లో ఈ రక్షణ ఉందో లేదో తెలుసుకోవడానికి షార్ట్ చేసి చూడనక్కరలేదు. కంట్రోల్ చిప్‌ను ఎనేబుల్ పిన్ ద్వారా ఆపి, లోడ్ లేకుండా అవుట్‌పుట్ వద్ద మల్టీమీటర్ పెట్టాలి. 11.5 వోల్టుల దరిదాపుల్లో చూపిస్తే బ్యాటరీ నుంచి నేరుగా దారి ఉన్నట్టే. అలాంటి మాడ్యూల్‌ను ఫ్యూజు లేకుండా వాడకూడదు.