చిన్న ఊళ్ళ విమానం

కడప పట్టణానికి వాయవ్యాన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఉన్నాయి. పడమట పులివెందుల ఉంది. బంగారం, వస్త్రాల వ్యాపారం వల్ల ప్రొద్దుటూరుకు 'రెండవ బొంబాయి' అన్న పేరు వచ్చింది. జమ్మలమడుగు చెంత పెన్నానది కొండలను చీల్చుకొని పారే చోట గండికోట వెలసింది. పులివెందుల సీమ చీనీ, అరటి తోటలకు ప్రసిద్ధి. ఈ మూడు ఊళ్ళ ప్రజలకూ జిల్లాలో ఉన్న విమానాశ్రయం కడపదే.

ఆధునికీకరించిన కడప విమానాశ్రయం 2015 జూన్ 7న ప్రారంభమైంది. ఆనాడు బెంగళూరు నుండి ఎయిర్ పెగాసస్ సంస్థ విమానం వచ్చి వాలింది. సీమవాసులు ఎంతో సంబరపడ్డారు. కాని ఆ సంస్థ విమానాల అద్దె బకాయిల చిక్కుల్లో పడి 2016 జులైలో తన సర్వీసులన్నింటినీ నిలిపివేసింది. ఊరికి వచ్చిన విమానం ఎందుకు నిలువదు? ప్రజలకు ప్రయాణాలు లేకనా?

ప్రయాణాలకు కొదవలేదు. చిక్కంతా లెక్కలో ఉంది. చిన్న విమానాశ్రయాలకు ఎక్కువగా నడిచే ఏ.టి.ఆర్. విమానంలో దాదాపు డెబ్బై సీట్లుంటాయి. ఇరవైమంది ఎక్కినా, డెబ్బైమంది ఎక్కినా పైలట్ల జీతం, విమానం అద్దె, మరమ్మతు ఖర్చు మారవు. ఇంధనం ఖర్చులోనూ పెద్ద తేడా ఉండదు. బస్సులో ఒక సీటు ఖాళీగా పోతే నష్టం వందలలో ఉంటుంది. విమానంలో అది వేలలోకి పోతుంది. అదే విమానాన్ని రద్దీ ఉన్న నగరాల మధ్య నడిపితే ఎక్కువ రాబడి వస్తుందని తోచినప్పుడు సంస్థ చిన్న ఊరిని వదలుకొంటుంది.

పోటీ మరొక విమానంతో కాదు, రాత్రి బస్సుతో. జమ్మలమడుగు నుండి కడప విమానాశ్రయానికి సుమారు డెబ్బై కిలోమీటర్లు. అక్కడికి గంట ముందే చేరాలి. దిగిన తరువాత మళ్ళీ నగరంలోనికి పోవాలి. రాత్రి భోంచేసి బస్సెక్కినవాడు నిద్ర లేచేసరికి బెంగళూరులో ఉంటాడు. పులివెందులవారి సంగతి ఇంకా విచిత్రం. బెంగళూరు విమానాశ్రయం నగరానికి ఉత్తరాన దేవనహళ్ళి వద్ద, అంటే వీరు వచ్చే దిక్కుననే ఉంది. కదిరి మీదుగా కారులో నేరుగా అక్కడికే చేరితే దేశవిదేశాలకు విమానాలు దొరుకుతాయి. అట్టివారు కడప విమానం లెక్కలోనికే రారు.

ఇక వేళల మాట. ప్రొద్దుటూరు వర్తకుడు ఉదయం వెళ్ళి, పని ముగించుకొని సాయంత్రానికి తిరిగి రాగలిగితే విమానానికి విలువ ఉంటుంది. వారానికి కొన్ని రోజులే నడిచే విమానం అతనికి ఉపయోగపడదు. జనం తగ్గారని సర్వీసులు తగ్గిస్తారు; సర్వీసులు తగ్గాయని జనం ఇంకా తగ్గుతారు. ఈ విషవలయంలో చిక్కిన మార్గం కోలుకోవడం కష్టం.

ఈ లోటును పూడ్చడానికి కేంద్రప్రభుత్వం 'ఉడాన్' పథకం తెచ్చింది. కొన్ని సీట్లను గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయలకే ఇవ్వాలి. సంస్థకు వచ్చే నష్టాన్ని మూడేళ్ళపాటు ప్రభుత్వాలు భరిస్తాయి. 2017 ఏప్రిల్ 27న ఈ పథకం కింద దేశంలో మొదలైన తొలి మార్గాలలో ట్రూజెట్ నడిపిన కడప-హైదరాబాదు ఒకటి. మూడేళ్ళు గడిచేవేళకు కరోనా వచ్చిపడి, 2020 మార్చి 25 నుండి రెండు నెలలపాటు దేశీయ విమానాలే ఆగిపోయాయి. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ మూతపడింది.

ఇది కడప ఒక్కదాని కథ కాదు. 2023లో కాగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం ఉడాన్ మూడవ విడత వరకు కేటాయించిన 774 మార్గాలలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళ గడువు నిండినవి 112 మాత్రమే. ఆ తరువాత 2023 మార్చి వరకు నిలిచినవి 54. సంపన్న దేశమైన అమెరికాలోనూ 1978లో విమాన సంస్థలపై నియంత్రణ తొలగించినప్పుడు చిన్న ఊళ్ళను వదలివేస్తారన్న భయం కలిగింది. అందుకే అక్కడి ప్రభుత్వం ఆనాడు మొదలుపెట్టిన సహాయాన్ని కొన్ని దశాబ్దాలు గడిచినా ఆపలేకపోయింది. మూడేళ్ళలో మార్గం తన కాళ్ళపై నిలుస్తుందన్న ఉడాన్ అంచనా ఎంత ఆశావహమైనదో దీనివల్ల తెలుస్తుంది.

కడపకు 2022 మార్చిలో ఇండిగో విమానాలు వచ్చాయి. ఈసారి కూడా వాటి వెనుక రాష్ట్రప్రభుత్వం ఆర్థిక తోడ్పాటు ఉంది.