దివ్యాంగ మాజీ సైనికుల ఇంటికి సాయం

ఇంటి మరమ్మతు గ్రాంటు ఇచ్చేది కేంద్రీయ సైనిక్ బోర్డు. అధ్యక్షుడు రక్షణ మంత్రి. డబ్బు సాయుధ దళాల పతాక దినోత్సవ నిధి నుంచి. పతాక దినం: డిసెంబర్ 7 (1949 నుంచి).

పోటీ పరీక్షలో తికమక పెట్టేవి శాతాలే. వైకల్య పింఛనుకు సాధారణంగా కనీసం 20. దివ్యాంగుల హక్కుల చట్టం–2016లో ప్రామాణిక వైకల్యం 40. ఈ గ్రాంటుకు 100! ర్యాంపు, వెడల్పాటి తలుపు 60 శాతం వైకల్యమున్న జవానుకూ కావాలి; ఈ షరతు సడలించాల్సిందే.

అదే 2016 చట్టం సెక్షన్ 37: గృహ పథకాల్లో 5 శాతం రిజర్వేషన్. రాజ్యాంగం ఆర్టికల్ 41: వైకల్యంలో ప్రభుత్వ సాయం. ఇవి పరీక్షలో అడిగే అవకాశం ఎక్కువ.

హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పరీక్షల గైడు కొన్నారా? అందులో 1995 చట్టం, 7 వైకల్యాలు ఉండొచ్చు. ఇప్పుడు, 2016 చట్టంలో, 21. నాంపల్లిలోని తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్షలో 21 అనే గుర్తించండి.