పెరటికోళ్ల మరణము: కారణము వెదకు విధము



మన పాఠశాలకు వచ్చు పిల్లలలో అనేకుల యిండ్ల పెరళ్లలో పదియో పదునైదో కోళ్లు కలవు. గ్రుడ్లమ్మిన సొమ్ముతోనే పుస్తకములు కొను కుటుంబములను నేనెఱుగుదును. అట్టి యింట ఒకనాటి యుదయమున గూటి తలుపు తీయగా రెండు పెట్టలు చచ్చి పడియుండును. మఱునాడు మూడు. కారణము తెలియదు. అప్పుడు మనమేమి చేయవలెను? నా యనుభవమునకు వచ్చిన యొక సంగతిని చెప్పి, దానినుండి జవాబు తీసెదను.

రెండేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు నాలుగు దినములు బడికి రాకపోగా, నేను వాని యింటికి పోతిని. వాడు తండ్రి లేని పిల్లవాడు. తల్లి పదునాలుగు కోళ్లను పెంచి వాని చదువు గడుపుచుండెను. నేను పోవునప్పటికి తొమ్మిది చచ్చియుండెను. "ప్రక్కింటి ముసలమ్మ విషము పెట్టినది, మాస్టరుగారూ! మా కోళ్లు ఆమె కూరపాదులు కెలికినవని మొన్ననే తగవులాడినది" అని తల్లి యేడ్చెను. కుఱ్ఱవాడు పెద్దలయెదుట పంచాయతి పెట్టింప సిద్ధముగా నుండెను.

నేను తీర్పు చెప్పక ప్రశ్న లడిగితిని. మొదట చచ్చిన దేది? ఎన్నడు? క్రొత్తగా వచ్చిన పక్షి యేదైన గలదా? చచ్చుటకు ముందు వాని నడక, ఊపిరి, రెట్ట యెట్లుండెను? జవాబులను దినముల వరుసను ఒక కాగితముమీద వానిచేతనే వ్రాయించితిని. వ్రాయగా వ్రాయగా సంగతి తేటపడెను. పండ్రెండు దినముల క్రిందట సంతలో నొక పుంజును కొని, ఆ రాత్రియే తక్కినవానితో నొకే గూటిలో మూసిరి. అయిదవ దినమున ఆ పుంజు నోరు తెఱచి గురకతో ఊపిరి తీయసాగెను. అది చచ్చిన పిదప తక్కినవి యొక్కొక్కటిగా మేత మానెను. ఆకుపచ్చని పలుచని రెట్ట వేసెను. కొన్నిటికి కాళ్లు చచ్చుబడెను. కొన్ని మెడ మెలిదిరిగి కూలెను. అన్నియు నొకే విషము తిన్నచో ఇంచుమించుగా నొకే పూట పడుట సామాన్యము. ఇవి వారము దినములుగా వరుసగా పడుచుండెను.

ఆ యుదయమున చచ్చిన పెట్టను, చేతులకు సంచులు తొడుగుకొని, ముక్కునకు గుడ్డ కట్టుకొని, రెండు ప్లాస్టిక్కు సంచులలో చుట్టి పశువైద్యశాలకు కొనిపోతిమి. వైద్యుడు దానిని కోసి, కందనకాయకు ముందున్న జీర్ణకోశపు లోపొరపై సూదిమొనలంతటి రక్తపు చుక్కలను మాకు చూపెను. "చిహ్నము లన్నియు కొక్కెర తెగులువి. సోకిన తరువాత దీనిని కుదుర్చు మందు లేదు" అని చెప్పి, "ముందు చచ్చిన వానిని ఏమి చేసితిరి?" అని యడిగెను.

కుఱ్ఱవాడు తల వంచుకొనెను. వానిని వెనుక గోడపైనుండి పెంటపోగుమీదికి విసరివేసెనట! ఆ పెంటపోగు ముసలమ్మ కోళ్లు కెలుకు తావు. మేము తిరిగి వచ్చి చూడగా ఆమె కోళ్లలో నాలుగు అప్పటికే చచ్చినవి. ఆమె ఎవరిపైనను నింద వేయలేదు. ఆ సాయంకాలము వాడు ఆమె గడపయొద్ద నిలిచి, "మామ్మా, నీ కోళ్లు చచ్చుటకు కారకుడను నేనే, నిన్ను అన్యాయముగా అనుమానించితిమి" అని చెప్పెను. పరీక్షలలో వచ్చు మార్కులకంటె ఆ మాటను నేను ఎక్కువగా ఎంచుదును.

ఈ తెగులునే రాణీఖేతు వ్యాధి యందురు. 1926లో జావా ద్వీపమునను, ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమునను ఇది గుర్తింపబడెను. తరువాత కొలదికాలమునకే కుమావూను కొండలలోని రాణీఖేతులో కనబడుటచే మన దేశమున ఆ పేరు నిలిచెను. ఇది కంటికి కానరాని వైరసువలన కలుగును. రోగపు కోడి ఊపిరి, రెట్ట, మన చెప్పులు, గంపలు, మేతపాత్రలు దీనిని వ్యాపింపజేయును.

కాని కోళ్ల చావులన్నియు కొక్కెర తెగులు కావు. తడిసిన నేలపై పెరుగు పిల్లలు రక్తము కలిసిన రెట్ట వేసి చచ్చినచో అది ప్రేగులలోని సూక్ష్మజీవుల పని కావచ్చును. బూజు పట్టిన వేరుసెనగ చెక్కయు, మొక్కజొన్నయు కాలేయమును చెఱచును. మెడపై గాట్లున్నచో ముంగిసను, పిల్లిని తలంపవలెను. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల కోళ్లఫారములలో ప్రబలిన బర్డ్ ఫ్లూ మనుష్యులకును సోకగల జబ్బు. కావున ఈ క్రింది నియమములను మరువకుడు.

మొదటిది: చచ్చినదానిని వట్టిచేతులతో ముట్టకుడు, ఇంటిలో కోయకుడు, రోగపు కోడిని తినకుడు, అమ్మకుడు.
రెండవది: జబ్బుపడినవానిని వెంటనే వేఱుచేయుడు. ఆరోగ్యముగలవానికి ముందు, రోగము గలవానికి పిదప మేత వేయుడు.
మూడవది: దినము, సంఖ్య, చిహ్నములు, మేత, క్రొత్త రాకపోకలు వ్రాసి పెట్టుడు.
నాలుగవది: పశువైద్యునకు తెలుపుడు. పరీక్ష కక్కఱలేని కళేబరములను లోతుగా గోయి త్రవ్వి, సున్నము చల్లి పూడ్చుడు.
అయిదవది: కొనివచ్చిన పక్షిని రెండు మూడు వారములు ప్రత్యేకముగా నుంచుడు.

ఇంత చేసినను ఒకప్పుడు కారణము దొరకకపోవచ్చును. అయినను వ్రాసిపెట్టిన కాగితము వృథా కాదు. ఆ జావా ద్వీపముననే 1889 ప్రాంతమున ఐక్‌మన్ అను డచ్చి వైద్యుని ప్రయోగశాలలోని కోళ్లు కాళ్లు పడిపోయి చచ్చుచుండెను. ఆయన సూక్ష్మజీవికై వెదకెను, దొరకలేదు. కొన్ని నెలలకు జబ్బు దానంతట అదే మానెను. విచారింపగా, జబ్బుగా నున్న కాలమంతయు వానికి ఆసుపత్రి వంటశాలలోని తెల్లబియ్యపు అన్నము పెట్టిరనియు, క్రొత్త వంటవాడు దానిని కోళ్లకిచ్చుట మానెననియు తెలియవచ్చెను. తవుడు పోయిన బియ్యమే కారణమని ఆ విధముగా బయటపడెను. బెరిబెరి రోగపు మర్మము విడిపోవుటకును, విటమినుల జ్ఞానమునకును అది దారి చూపెను. 1929లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

మన కుఱ్ఱవాని యింట చివరకు రెండే పెట్టలు మిగిలెను. గూడు కడిగి, సున్నము పూసి, ఎండబెట్టి, కొన్ని నెలల తరువాత క్రొత్త పిల్లలను తెచ్చిరి. మొదటి వారమున కంటిలో ఒక చుక్క టీకాయు, ఎనిమిది వారములకు సూదిటీకాయు వేయించవలెనని వైద్యుడు చెప్పెను. ఆ టీకాసీసా మంచులో నుండవలెను. ఒకసారి కలిపినచో కొలది గంటలలోనే వాడవలెను. అందులోని మందు నూఱు కోళ్లకు చాలును, ఒక యింటి కోళ్లకు వ్యర్థము. కనుక వాడు ముందుగా ముసలమ్మ యింటికి, పిమ్మట వీధిలోని తక్కిన యిండ్లకు పోయి అందఱి పిల్లలను ఒకే దినమున గంపలలో తెప్పించెను. గోడకు ఇవతలి కోడి బ్రదుకవలెనన్న అవతలి కోడియు బ్రదుకవలెనని వాడు నేర్చెను. మీరును నేర్తురు గాక.