నిమ్మచెట్టు కింద నేర్చిన పాఠాలు

మా జనవాడ ఇంటి పెరట్లో నిమ్మ, కరివేపాకు, మారేడు మూడూ ఉన్నాయి. వాటి ఆకు తిని బతికే నిమ్మ సీతాకోకచిలుకను చూస్తూ నేర్చుకున్నవి ఈ నాలుగు మాటలు.

1. మందు కలిపే ముందు ఆకు తిప్పి చూడు.

తల్లి చిలుక ముంగాళ్లతో ఆకును తట్టి రుచి చూసుకుని, తన పిల్లకు పనికొచ్చే ఆకేనని తేలాకే లేత చిగురు మీద గుడ్డు పెడుతుంది. 3, 4 రోజుల్లో పురుగు బయటికొస్తుంది. నడివయసు దాటేదాకా పురుగు కనబడితే మందు కొట్టడమే సేద్యం అనుకున్నాను. ఆ పురుగును తినే సాలీళ్లూ, దానిలో గుడ్లు పెట్టే సన్నని కందిరీగలూ అదే మందుకు చస్తాయని ఆలోచించలేదు.

2. అసహ్యంగా ఉన్నదంతా పనికిరానిది కాదు.

పసి పురుగు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, పిట్ట దాన్ని ముట్టదు. నాలుగోసారి కుబుసం విడిచాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. వేలు తగిలిస్తే తల వెనక నుంచి ఎర్రటి చీలిన కొమ్ము బయటికి చాచి, ఘాటు వాసన వదులుతుంది. మా ఇంట్లో నోరు విప్పని పిల్లవాణ్ణి మొద్దు అన్నాం బిడ్డా. వాడు మా కసుర్లకు జడిసి దాక్కుంటున్నాడని తెలిసేసరికి వాడు ఊరే విడిచాడు.

3. లేత మొక్కకూ ముదురు చెట్టుకూ ఒకే న్యాయం కుదరదు.

జానెడు నిమ్మ మొక్కకు నాలుగు పురుగులు పడితే ఆకు మిగలదు. అక్కడ జాలి వద్దు, చేత్తో ఏరెయ్యి. కాపుకొచ్చిన చెట్టుకు ఆ నాలుగూ లెక్కలోకి రావు. చోటును బట్టి కూడా న్యాయం మారుతుంది: మన ఆసియా చిలుక 2004లో డొమినికన్ రిపబ్లిక్‌లో కనబడి, తరువాత జమైకా, క్యూబా దాకా పాకింది. అక్కడి నిమ్మ, నారింజ రైతులకు అది కొత్త తలనొప్పి.

4. కదలనిదల్లా ఎండిపోయినట్టు కాదు.

ఎదిగిన పురుగు నడుముకు పట్టుదారం చుట్టుకుని కొమ్మకు ఆనుకుని ప్యూపా అవుతుంది. పచ్చని రెమ్మల్లో పచ్చగా, ఎండుపుల్ల మీద గోధుమ రంగులో ఉంటుంది. నల్లరెక్కల మీద పసుపు మచ్చలతో చిలుక వచ్చేది అందులోంచే. ఏళ్ల తరబడి ఎండుకొమ్మలు కొట్టినవి కొట్టినట్టే పొయ్యిలో పెట్టాం. ఇప్పుడు ఓ పక్షం రోజులు చెట్టు కిందే పడేసి, ఆ తరువాతే పొయ్యికి తెస్తున్నాం. వంట ఏమీ ఆగలేదు.